ఐదు నెలలు గ్యారేజ్‌లో పడుకున్న మియాటాని మళ్లీ లేపేముందు ఏమేం చూసుకోవాలి?

మియాటా96:

అందరికీ నమస్తే. బండి 1996 మాజ్డా మియాటా (టాప్ దించే చిన్న స్పోర్ట్స్ కారు), 1.8 ఇంజిన్, మాన్యువల్ గేరు. ఊరు మిషిగన్‌లో నోవై. నవంబర్ మొదటి వారం నుంచి హీటింగ్ లేని గ్యారేజ్‌లో ఉంది, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా సెల్ఫ్ కొట్టలేదు. ఈ వారంతో మంచు పోయింది, వచ్చే శనివారం బయటికి తీద్దామని.

పెట్టేటప్పటి పరిస్థితి: ఆయిల్, ఫిల్టర్ కొత్తవి (5డబ్ల్యూ-30). ట్యాంకు సగం ఉంది, మామూలు 87 ఆక్టేన్ గ్యాస్ (పెట్రోల్), అది పాతబడకుండా ఆపే స్టెబిలైజర్ కలపలేదు. బ్యాటరీ ఏజీఎం రకం (ఆసిడ్ గాజు పీచులో ఇంకి ఉండే సీల్డ్ రకం), బండిలోనే ఉంది, నెగటివ్ టర్మినల్ మాత్రం ఊడదీశాను. చార్జర్ పెట్టలేదు. నిన్న మీటర్‌తో చూస్తే 12.15 వోల్టులు. టైర్లలో 35 పీఎస్ఐ. హ్యాండ్‌బ్రేక్ వేయలేదు, చక్రాలకి అడ్డు పెట్టాను. సైలెన్సర్ గొట్టంలోనూ, ఎయిర్‌బాక్స్ (ఎయిర్ ఫిల్టర్ పెట్టె) మూతిలోనూ ఎలుకలు దూరకుండా స్టీల్ ఊల్ (సన్న ఇనుప పీచు) కుక్కాను.

అడిగేవి మూడు. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో ఆయిల్ పోయాలని వీడియోల్లో అందరూ చెప్తున్నారు, నిజంగా అవసరమా? పాత గ్యాస్ మొత్తం తీసేయాలా? బ్యాటరీకి మా ఇంకో కారు బ్యాటరీ నుంచి కేబుళ్లతో జంప్ ఇస్తే సరిపోతుందా?

పానాసెట్టు:

మొదట ఆ స్టీల్ ఊల్ రెండు చోట్లా తీసి, తీశానని ఒక కాగితం మీద రాసి స్టీరింగ్‌కి అంటించండి. చలికాలం పోయాక వచ్చే "సెల్ఫ్ తిరుగుతోంది కానీ పట్టుకోవట్లేదు" అనే కేసుల్లో ఇదొకటి.

ఐదు నెలలంటే ఇంజిన్‌కి పెద్ద లెక్క కాదు. పాడయ్యేవి దాని చుట్టూ ఉన్నవి: బ్యాటరీ, రబ్బరు గొట్టాలు, బ్రేకులు, ఎలుకలు కొరికిన వైర్లు. ఆయిల్ కొత్తది పోసి పెట్టారు కాబట్టి సిలిండర్లలో ఆయిల్ పోయడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. రెండేళ్లు కదలని బండికైతే వేరే మాట.

నేనైతే ఈ వరసలో వెళ్తాను.

బానెట్ ఎత్తి టార్చ్ వేసి చూడండి. ఎయిర్ ఫిల్టర్ మూత విప్పి గూడు ఉందేమో చూడాలి. క్యాబిన్ బ్లోవర్ గాలి లాక్కునే చోటు, అంటే వైపర్ల కింద జాలీ, అదీ చూడాలి. ఎలుక రెట్టలు కనిపిస్తే చీపురు, వాక్యూమ్ పెట్టొద్దు. ఇక్కడి డీర్ మౌస్ నుంచి హంటా వైరస్ రావొచ్చు, దుమ్ము లేపడమే ప్రమాదం. గ్లవ్స్ వేసుకుని, ఒక గ్యాలన్ నీళ్లలో ఒకటిన్నర కప్పు బ్లీచ్ కలిపి తడిపి, ఐదు నిమిషాలాగి పేపర్ టవల్‌తో ఎత్తేయండి.

డిప్‌స్టిక్ తీసి లెవెల్ ఒక్కటే కాదు, వాసన కూడా చూడండి. గ్యాస్ వాసన వస్తే, లేదా కాఫీలో పాలు కలిపిన రంగు ఉంటే అక్కడే ఆగిపోవాలి. కూలెంట్ రిజర్వాయర్, బ్రేక్ ఫ్లూయిడ్, క్లచ్ ఫ్లూయిడ్ చూడండి. ఈ బండికి క్లచ్ స్లేవ్ సిలిండర్ (ఫ్లూయిడ్ ఒత్తిడితో క్లచ్‌ని కదిపే చిన్న సిలిండర్) బలహీనత. క్లచ్ రిజర్వాయర్ తగ్గి ఉంటే బెల్‌హౌసింగ్ (క్లచ్ ఉండే గేర్‌బాక్స్ ముందు భాగం) పక్కన స్లేవ్ రబ్బరు బూటు వెనక్కి లాగి చూడండి, తడి ఉంటే అదే.

గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ బోల్టుకి 21 మి.మీ. సాకెట్ తగిలించి రెండు చుట్లు తిప్పండి. బండి ముందు నిలబడి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు. ఒకే బరువుతో తిరిగితే లోపల ఏదీ పట్టుకోలేదని అర్థం. గట్టిగా ఆగితే బలం పెట్టొద్దు, వచ్చి ఇక్కడ చెప్పండి.

తర్వాత స్పార్క్ లేకుండా సెల్ఫ్ కొట్టడం. ఇంజిన్ హెడ్ వెనకాల, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) వైపు క్యామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. దాని కనెక్టర్ పీకేస్తే స్పార్క్, ఇంజెక్టర్లు రెండూ ఆగిపోతాయి. అప్పుడు ఐదేసి సెకన్ల చొప్పున మూడుసార్లు, మధ్యలో అర నిమిషం గ్యాప్ ఇచ్చి తిప్పండి. ఆయిల్ పంపు నిండి బేరింగులకి ఆయిల్ అందుతుంది. ఆయిల్ ప్రెషర్ మీటర్ ముల్లు లేచాక కనెక్టర్ తిరిగి పెట్టండి.

గ్యాస్ లైన్లో ఒత్తిడి కావాలంటే ఇంకో చిట్కా ఉంది. బానెట్ కింద డయాగ్నస్టిక్ బాక్స్ మూత తెరిచి ఎఫ్‌పీ, గ్రౌండ్ అనే రెండు రంధ్రాలను వైరు ముక్కతో కలిపి తాళం ఆన్ చేస్తే పంపు తిరుగుతుంది, ఇంజిన్ తిరగక్కర్లేదు. అర నిమిషం అలా వదిలి ఇంజెక్టర్ రైలు (ఇంజెక్టర్లకి గ్యాస్ పంచే గొట్టం), ఇన్‌టేక్ కింద గొట్టాలు వేలితో తడిమి చూడండి. చలికి గట్టిపడిన రబ్బరు కారేది ఒత్తిడి వచ్చిన మొదటి నిమిషంలోనే. ఇంజిన్ వేడెక్కక ముందే దొరికితే మంచిది కదా.

ఇవన్నీ అయ్యాక బండిని గ్యారేజ్ బయటికి తోసి అప్పుడు స్టార్ట్ చేయండి. తలుపు తెరిచి లోపలే స్టార్ట్ చేయడం కూడా వద్దు, కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వెళ్తుంది.

వోల్ట్‌మీటర్:

బ్యాటరీ సంగతి నేను చెప్తాను.

ఏ లోడూ లేకుండా కొన్ని గంటలు ఊరుకున్న బ్యాటరీకి లెక్క ఇదీ: 12.7 అయితే నిండుగా ఉన్నట్టు (ఏజీఎం అయితే 12.8 కూడా చూపిస్తుంది), 12.4 అయితే ముప్పావు, 12.2 అయితే సగం, 12.0 అయితే పావు. మీది సగం కంటే కొంచెం తక్కువ. నెగటివ్ ఊడదీయడం మిమ్మల్ని కాపాడింది. అది తగిలించి ఉంటే గడియారం, రేడియో మెమరీ తాగే కరెంటుకి జనవరికే చచ్చేది.

చలికాలంలో సగం చార్జ్ ఎందుకు ప్రమాదమంటే, చార్జ్ దిగేకొద్దీ లోపలి ఆసిడ్ నీళ్లవుతుంది. నిండు బ్యాటరీ మైనస్ 50 సెల్సియస్ దాటాక గానీ గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోయింది మైనస్ 10 లోపే గడ్డకడుతుంది. మీ బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నాయేమో చేత్తో తడమండి. ఉబ్బినా, పగిలినా చార్జర్ పెట్టొద్దు, జంప్ అసలే వద్దు. గడ్డకట్టిన బ్యాటరీకి కరెంటు పంపితే పేలొచ్చు.

బాగుంటే ఏజీఎం మోడ్ ఉన్న చార్జర్ పెట్టి 4 ఆంపియర్ల దగ్గర రాత్రంతా వదిలేయండి. వోల్టేజి 14.4 నుంచి 14.7 మధ్య ఉండాలి. పాత చార్జర్లు 15 దాటిస్తాయి, ఏజీఎంకి అది విషం. తీసిన వెంటనే మీటర్ పెట్టి 12.9 చూసి సంబరపడొద్దు, అది పైపై చార్జ్. మర్నాడు పొద్దున చూడండి. 12.5 కంటే కిందికి జారితే సల్ఫేషన్ (లోపలి ప్లేట్ల మీద గట్టి పొర పేరుకోవడం) వచ్చినట్టే.

జంప్ గురించి: ఇంజిన్ స్టార్ట్ అవ్వడం వేరు, బ్యాటరీ నిండడం వేరు. దిగిన బ్యాటరీని నింపే పని ఆల్టర్నేటర్ మీద పడేస్తే దాని డయోడ్లు వేడెక్కుతాయి. అరగంట డ్రైవ్‌తో నిండదు కూడా. తప్పనిసరై ఇస్తే: డిక్కీలో కుడివైపున్న మీ బ్యాటరీ పాజిటివ్‌కి ఎరుపు, అవతలి బండి పాజిటివ్‌కి ఎరుపు, అవతలి నెగటివ్‌కి నలుపు, చివరి నలుపు మీ బండి బాడీలో రంగు లేని బోల్టుకి, బ్యాటరీకి దూరంగా. తీసేటప్పుడు దీనికి రివర్స్.

గ్యారేజ్ గుడ్లగూబ:

గ్యాస్ తీయక్కర్లేదు. ఐదు నెలల ఈ10 (పది శాతం ఇథనాల్ కలిసిన గ్యాస్), సీల్ ఉన్న ట్యాంకు, అదీ చలిలో. చలి గ్యాస్‌కి మంచిదే, ఆవిరయ్యేది తక్కువ. నవంబర్‌లో పోయించింది వింటర్ బ్లెండ్ అయి ఉంటుంది, దాన్లో తేలిగ్గా ఆవిరయ్యేవి ఎక్కువ, స్టార్టింగ్‌కి అదీ అనుకూలమే.

"సగం ట్యాంకులో గాలి చెమర్చి నీళ్లు చేరతాయి" అనేది పాత బళ్ల కాలం మాట. ఈ10లో నీళ్లు విడిపోయి అడుగుకి చేరాలంటే దాదాపు అర శాతం నీళ్లు కలవాలి. మీ ట్యాంకు 48 లీటర్లు, సగం అంటే 24. దానికి 100 మి.లీ. పైచిలుకు నీళ్లు కావాలి. మూత సరిగ్గా ఉన్న ట్యాంకులోకి గాలి తేమ అంత తేదు.

అనుమానం తీరాలంటే గాజు సీసాలో కొంచెం పట్టి చూడండి. లేత పసుపు రంగు ఉండి గ్యాస్ వాసనే వస్తే పర్వాలేదు. టీ రంగుకి తిరిగి, వార్నిష్‌లా ముక్కుకి పుల్లగా కొడితే తీసేయాలి. బాగుంటే క్యాన్‌లో 15, 20 లీటర్లు కొత్తది తెచ్చి కలిపేయండి. ఇప్పుడు స్టెబిలైజర్ పోస్తే లాభం లేదు, అది పాతబడకుండా ఆపుతుందే కానీ పాతదాన్ని కొత్తది చేయలేదు. వచ్చే నవంబర్‌లో పోయండి, 2.5 గ్యాలన్లకి ఒక ఔన్సు, అంటే నిండు ట్యాంకుకి 5 ఔన్సులు. పోశాక పది నిమిషాలు ఇంజిన్ తిప్పితే ఇంజెక్టర్ల దాకా వెళ్తుంది.

సిలిండర్లలో ఆయిల్ విషయంలో పానాసెట్టు గారితో పూర్తిగా ఏకీభవించను. అర చెంచా పోస్తే నష్టమేమీ లేదు, మొదటి నాలుగు చుట్లు రింగులు పొడిగా రుద్దుకోవు.

పానాసెట్టు:

నష్టం లేదనడం కుదరదండీ. పోసేవాళ్లు అర చెంచా దగ్గర ఆగరు. ఎక్కువైతే ప్లగ్గులు తడిసి పట్టుకోదు. మరీ ఎక్కువైతే పిస్టన్‌కి నొక్కడానికి చోటు లేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అసలు 28 ఏళ్లు దాటిన అల్యూమినియం హెడ్‌లో ప్లగ్గు మరలు అనవసరంగా కదపడమే నాకు ఇష్టం ఉండదు. అవసరం పడినప్పుడు పోద్దాం, ముందుగా వద్దు.

కూకట్‌పల్లి_కార్లు:

ఇక్కడ హైదరాబాద్‌లో ఎన్నారైల బళ్లు ఆరేసి నెలలు అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఉంటాయి, వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. మనకి గడ్డకట్టే బాధ లేదు, కానీ వేడికి బ్యాటరీ తనంతట తాను దిగిపోయే వేగం ఎక్కువ, పది డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపు. వానాకాలం సెల్లార్ తేమకి బ్రేక్ డిస్కులు, క్లచ్ ప్లేటు తుప్పుతో అతుక్కుంటాయి. వాచ్‌మన్‌తో వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేయించడం మానేయండి. ఇంజిన్ వేడెక్కకుండా ఆపితే ఆయిల్‌లో, సైలెన్సర్‌లో నీళ్లు చేరతాయి. సెల్ఫ్ తిన్న కరెంటు కూడా ఆ ఐదు నిమిషాల్లో తిరిగి రాదు. నెలకోసారి అరగంట రోడ్డు మీద తిప్పే మనిషి దొరకకపోతే నెగటివ్ ఊడదీయడమే మేలు.

మియాటా96:

అందరికీ థ్యాంక్స్. ఎలుకలు లేవు, ఆయిల్ శుభ్రంగా ఉంది, క్రాంక్ చేత్తో తిరిగింది. కానీ చార్జర్ మంగళవారం గానీ రాదంటే, ఆగలేక జంప్ ఇచ్చాను. సెల్ఫ్ బరువుగా తిరిగింది. పది సెకన్ల చొప్పున ఆరేడు సార్లు కొట్టాను. మొదట రెండుసార్లు దగ్గింది, తర్వాత అదీ లేదు. కొట్టేటప్పుడు బ్యాటరీ దగ్గర 8.9 వోల్టులు చూపించింది. ఇప్పుడు సైలెన్సర్ దగ్గర గ్యాస్ వాసన గుప్పుమంటోంది. విచిత్రంగా సెల్ఫ్ ముందుకంటే తేలిగ్గా, గిర్రున తిరుగుతోంది. స్టీల్ ఊల్ రెండూ తీశాను. ఏమై ఉంటుంది?

పానాసెట్టు:

ఇంక కొట్టడం ఆపేయండి. జవాబు మీ పోస్టులోనే ఉంది: 8.9 వోల్టులు, గ్యాస్ వాసన, సెల్ఫ్ తేలికవ్వడం. మూడూ ఒకే గొలుసు.

కొట్టేటప్పుడు వోల్టేజి 9.6 కంటే దిగకూడదు. దిగితే స్పార్క్ పుట్టించే కాయిల్స్‌కి బలం చాలదు, స్పార్క్ సన్నబడుతుంది. కంప్యూటర్‌కి మాత్రం ఇంజిన్ చల్లగా ఉందనే తెలుసు, అది గ్యాస్ దండిగా పోస్తూనే ఉంటుంది. ప్లగ్గులు తడిశాయి, ఇంక ఎంత కొట్టినా వెలగవు. ఆ గ్యాస్ సిలిండర్ గోడల మీద ఉన్న ఆయిల్ పొరను కడిగేసింది. రింగులు సీల్ కాక కంప్రెషన్ పడిపోయింది, అందుకే సెల్ఫ్ గిర్రున తిరుగుతోంది. టైమింగ్ బెల్టు తెగినా ఇలాగే తిరుగుతుంది, కాబట్టి ఆయిల్ పోసే మూత తెరిచి, ఎవరితోనైనా ఒక్క సెకను సెల్ఫ్ కొట్టించి లోపల క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్టు) తిరుగుతోందా చూడండి. తిరిగితే బెల్టు బాగున్నట్టే. ఒకవేళ తెగినా ఈ 1.8లో వాల్వులు పిస్టన్‌కి తగలవు, భయం లేదు.

ఇప్పుడు చేయాల్సింది: బ్యాటరీని నిజంగా చార్జ్ చేయండి. మంగళవారం దాకా ఆగండి, లేదా విప్పి ఏదైనా ఆటో పార్ట్స్ షాపుకి పట్టుకెళ్లి చార్జింగ్, లోడ్ టెస్ట్ చేయించండి. టర్మినల్స్ వైర్ బ్రష్‌తో రుద్దండి.

తర్వాత ప్లగ్గులు విప్పాలి. గ్యారేజ్‌లో వాటర్ హీటర్ పైలట్ మంట వెలుగుతుంటే బండిని బయటికి తోసి అక్కడ చేయండి. ప్లగ్ వైర్లకి నంబర్లు రాసుకోండి. ఈ ఇంజిన్‌లో 1, 4 కలిసి వెలుగుతాయి, 2, 3 కలిసి వెలుగుతాయి, జతలోవి తారుమారైనా నడుస్తుంది. జతలు మారితే మాత్రం నడవదు. గుంతల్లో దుమ్ము గాలితో ఊది, 16 మి.మీ. ప్లగ్ సాకెట్‌తో తీయండి. తడిగా ఉంటే ఆరబెట్టడం కంటే కొత్తవి వేయడమే సుఖం, ఎన్‌జీకే బీకేఆర్5ఈ-11, గ్యాప్ 1.1 మి.మీ. అవి పెద్ద ఖరీదేం కాదు.

ప్లగ్గులు బయట ఉండగా క్యామ్ సెన్సర్ కనెక్టర్ పీకి, రంధ్రాల మీద గుడ్డ కప్పి, ఐదు సెకన్లు సెల్ఫ్ కొడితే లోపలి గ్యాస్ బయటికి చిమ్ముతుంది. ఆ గుడ్డని దూరంగా పారేయండి. ప్లగ్గుల రంధ్రాలు తెరిచే ఉంచి పావుగంట వదిలేయండి.

ఇదిగో, గుడ్లగూబ గారి అర చెంచా ఆయిల్ ఇప్పుడు పోయాలి. ఒక్కో సిలిండర్‌కి 3 నుంచి 5 మి.లీ. ఇంజిన్ ఆయిలే. రెండు చుట్లు చేత్తో తిప్పితే గోడలకి పట్టుకుని కంప్రెషన్ తిరిగి వస్తుంది. ప్లగ్గులు మొదట చేత్తోనే ఎక్కించి, చివర 15 నుంచి 23 న్యూటన్ మీటర్ల దాకా బిగించండి.

స్టార్ట్ చేసేటప్పుడు మొదటిసారి యాక్సిలరేటర్ నేలకి నొక్కిపట్టి పది సెకన్ల లోపు కొట్టండి. పెడల్ పూర్తిగా తొక్కి ఉంటే కంప్యూటర్ గ్యాస్ ఆపేస్తుంది, గాలి మాత్రమే వెళ్తుంది. దగ్గగానే కాలు వదలండి. పట్టుకోకపోతే నిమిషం ఆగి, పెడల్ ముట్టుకోకుండా మామూలుగా కొట్టండి. రెండు నిమిషాలు నీలం పొగ వస్తుంది, అది మనం పోసిన ఆయిలే.

వోల్ట్‌మీటర్:

ఒక్క మాట కలుపుతా. నిండు బ్యాటరీతో కూడా కొట్టేటప్పుడు 9.6 దిగితే బ్యాటరీనే అనుమానించాలి. బ్యాటరీ దగ్గర 10.5 ఉండి సెల్ఫ్ మాత్రం బరువుగా తిరిగితే కేబుళ్లు చూడాలి. మియాటాలో బ్యాటరీ వెనక, ఇంజిన్ ముందు, దారి పొడుగు. మీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకో కొస ఇంజిన్ బ్లాకుకి పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే డిక్కీలోని గ్రౌండ్ బోల్టు, ఇంజిన్ గ్రౌండ్ పట్టీ విప్పి రుద్దాలి.

మియాటా96:

బుధవారం పొద్దున బ్యాటరీ 12.7. నాలుగు ప్లగ్గులూ తడిసి నల్లగా ఉన్నాయి, కొత్తవి వేశాను. ఆయిల్ 4 మి.లీ. చొప్పున పోశాను. పెడల్ నొక్కిపట్టి కొడితే ఏడో సెకనులో దగ్గింది, రెండోసారికి పట్టుకుంది. కొట్టేటప్పుడు 10.6. నీలం పొగ మూడు నిమిషాల్లో పోయింది. ఇప్పుడు రెండు సందేహాలు. పైనుంచి టిక్ టిక్ టిక్ మని గట్టిగా వస్తోంది, ఆయిల్ ప్రెషర్ ముల్లు మాత్రం మధ్యలో కదలకుండా ఉంది. ఇంకోటి, డిప్‌స్టిక్‌కి కొంచెం గ్యాస్ వాసన వస్తోంది.

గ్యారేజ్ గుడ్లగూబ:

వాసన వస్తే ఆయిల్ మార్చేయండి, కొత్తది పోసి ఐదు నెలలే అయిందని చూడొద్దు. గ్యాస్ కలిసిన ఆయిల్ పలచబడి బేరింగులను కాపాడలేదు. ఫిల్టర్‌తో కలిపి 3.8 లీటర్లు పడుతుంది. వేడెక్కించి దించండి, చల్లగా దించితే కొంత లోపలే ఉండిపోతుంది.

టిక్ టిక్ హైడ్రాలిక్ లిఫ్టర్లది (క్యామ్‌కీ వాల్వులకీ మధ్య సందు లేకుండా ఆయిల్‌తో నిండి ఉండే చిన్న ముక్కలు). పార్క్ చేసినన్నాళ్లూ వాటిలోని ఆయిల్ కారిపోతుంది, మళ్లీ నిండి గాలి పోయేదాకా మోగుతాయి. నిలబెట్టి ఐడ్లింగ్‌లో వదిలితే తొందరగా పోదు. ఇంజిన్ వేడెక్కాక రోడ్డు మీద 3,000, 4,000 ఆర్‌పీఎం దగ్గర ఇరవై నిమిషాలు నడపండి. అప్పటికీ పోకపోతే వారం చూడండి. కింద నుంచి దబ్ దబ్ మని మోత వస్తే మాత్రం వెంటనే ఆపాలి, అది లిఫ్టర్ కాదు, బేరింగు.

ఆ ముల్లుని నమ్మొద్దు. 1995 నుంచి ఈ బండిలో ఆయిల్ గేజీ వెనకున్నది మామూలు స్విచ్చి. ప్రెషర్ ఉందా లేదా అనే చెప్తుంది, ఎంత ఉందో చెప్పదు. అంతకుముందు బళ్లలో నిజం గేజీ ఉండేది.

పానాసెట్టు:

రోడ్డెక్కేముందు ఇంటి ముందే నాలుగు సార్లు బ్రేకు తొక్కి చూడండి. డిస్కుల మీది తుప్పు గరగరలాడి పోతుంది. ఒక మైలు వెళ్లొచ్చి వెనక చక్రాల దగ్గర చెయ్యి పెట్టండి, ఒకటి ఎక్కువ వేడిగా ఉంటే ఆ వైపు హ్యాండ్‌బ్రేక్ మెకానిజం పట్టుకున్నట్టు. ఈ బండి వెనక క్యాలిపర్లకి అదొక జబ్బు. టైర్ల గాలి 35 నుంచి 26కి దించండి, తలుపు దగ్గర స్టిక్కర్ మీద అదే ఉంటుంది. మొదటి పది మైళ్లు దడదడ ఉంటే టైరు ఒక వైపు చదునైనట్టు, వేడెక్కితే సర్దుకుంటుంది.

ఇన్సూరెన్స్ స్టోరేజ్ కింద పెట్టి ఉంటే ముందు దాన్ని మామూలు పాలసీకి మార్పించుకోండి. రోడ్ల మీది ఉప్పు ఒక మంచి వాన పడి కడిగేదాకా ఆగితే బండి అడుగుకి మంచిది. ఎండ చూసి టాప్ దించాలనిపిస్తుంది, చల్లగా ఉన్నప్పుడు వెనక ప్లాస్టిక్ కిటికీ మడిస్తే పగులుతుంది. జిప్ విప్పి కిటికీ పరుచుకున్నాకే దించండి.